దెబ్బ తగలని గ్లాసు

“కరెంటు దెబ్బ తగలని నాచులోంచి నూనె ఎలా వచ్చింది యానిక్? గ్లాసులైనా తారుమారు చేసుండాలి, అంకెలైనా వండి వార్చుండాలి.”

దెబ్బ కొడితేనే నాచు కణాలకు చిల్లులు పడి నూనె వదులుతాయని జర్మనీలో, కార్ల్స్‌రూహెలోని ఆ ల్యాబులో అందరికీ తెలుసు.

“దెబ్బ తిన్న నాచు మీది నీళ్లు వంచి, దెబ్బ తగలని రెండో గ్లాసులో పోశాను మేడమ్. అంతే. ఆ నీళ్లలోనే ఏదో ఉంది.”

“నీళ్లు పోస్తే నూనె వస్తుందా? రేపటికి తేలకపోతే నీ పీహెచ్‌డీ ఇంతటితో సరి.”

ప్రొఫెసర్ ఓస్టర్‌టాగ్ అతన్ని కరెంటు మీట దగ్గరికి రానివ్వలేదు. ఒక గ్లాసులోని నాచుకే తన చేత్తో దెబ్బలు కొట్టి, దాని నీళ్లు రెండోదానిలో పోసింది. పోస్తున్నంతసేపూ అతని వంక చూడలేదు. కోపమనుకున్నాడు యానిక్. రెండూ బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.

మర్నాడు రెండింటిలోంచీ ఒకే కొలత నూనె దిగింది.

“ఇప్పుడైనా నమ్ముతారా మేడమ్?”

ఆవిడ సొరుగు అడుగునుంచి పాత నోటుపుస్తకం తీసి అతని ముందు పెట్టింది. ఎవరో అమ్మాయి చేతిరాత. అవే రెండు గ్లాసులు, అదే ఫలితం. తేదీ తొమ్మిదేళ్ల కిందటిది.

పేజీకి అడ్డంగా ఎర్రసిరాతో ‘అబద్ధం’ అని రాసుంది. కింద ఆవిడ సంతకం.

“‘ఒక్కసారి మీ చేత్తో చేసి చూడండి మేడమ్’ అని ఆ అమ్మాయి బతిమాలింది,” అంది ఆవిడ. “చూడకుండానే పంపించేశాను.”