పేరు వేసిన గ్లాసు

ఆ ముసలాయన మళ్ళీ వచ్చాడు.

పర్సిస్ పేర్లు వేసే మిషను ఆపి తలెత్తింది.

"ఒక గ్లాసమ్మా. పేరు రే డాసన్" అన్నాడాయన ఇంగ్లీషులో, ఎప్పటిలాగే టోపీ తీసి చేత్తో పట్టుకుని.

అమెరికాలోని ఫ్రిస్కోలో పర్సిస్‌ది చిన్న స్టీలు సామాన్ల కొట్టు. నరసాపురంలో వాళ్ళ వైపు ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే, ఏడాది తిరిగాక జ్ఞాపకార్థ కూటం పెట్టి, పోయినవాళ్ళ పేరు వేసిన గ్లాసులు పంచుతారు. ఆ అలవాటునే ఇక్కడికి తెచ్చింది. పోయిన సైనికుల్ని తలచుకునే మెమోరియల్ డే వస్తోందని, యుద్ధాలకు వెళ్ళిన సైనికుల పేర్లు వేసి గ్లాసులు అమ్ముతోంది. ఎవరు ఏ పేరు చెబితే ఆ పేరు. లాభమంతా పార్కులో లేవబోయే స్మారక స్తంభానికి.

"చావుల మీద కూడా బిజినెస్సేనా?" అని చర్చిలో ఒకరిద్దరు మూతి విరిచారు.

"నా ఇంటికేమైనా పట్టుకెళ్తున్నానా?" అని గట్టిగానే అంది. అయినా ఆ మాట ముల్లులా దిగబడిపోయింది. తన కొట్టుకీ, ఆ స్తంభానికీ మచ్చ రాకూడదు. అదొక్కటే ఆమె బెంగ.

ఈ ముసలాయన మాత్రం వారం తిరక్కుండా వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ కొత్త పేరు.

"మీ తమ్ముడా?" అని ఒకసారి అడిగింది.

"కాదు."

"స్నేహితుడా?"

"కాదు."

"పోనీ, తెలిసినవాడేనా?"

"ఎప్పుడూ చూడలేదమ్మా."

గ్లాసు మీద పేరు ఒకసారి పైకి చదువుకుని, రుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయేవాడు.

ఇంకోసారి బల్ల మీదున్న పర్సిస్ గ్లాసు మీద పేరు చూశాడు.

"ఈ జోసఫ్ ఎవరు?"

"మా ఆయన. పోయాడు."

"కాఫీ ఎలా తాగేవాడు?"

పర్సిస్ తెల్లబోయింది. "పంచదార పాకంలా. రోజూ తిట్టేదాన్ని."

ఆయన నవ్వాడు. "మంచివాడు జోసఫ్."

జోసఫ్ సమాధి కార్యక్రమానికి చర్చి చర్చంతా కదిలొచ్చింది. ఆ తర్వాత, ఎక్కడ ఏడుస్తుందోనని ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. ఏడిస్తే ఏడ్చేది, పేరైనా చెవిన పడేది కదా! ఆ రోజు కొట్టు కట్టేదాకా ఆమెకి ప్రాణం తేలికపడినట్టుంది.

అలాంటి మనిషి మీద రూతు ఒక మాట పడేసింది. రూతు అదే చర్చి అమ్మాయి, సాయంత్రాలు కొట్టుకొచ్చి కూర్చుంటుంది.

"అక్కా, ఒక్క మనిషికి అన్ని గ్లాసులెందుకు? వార్ హీరో గ్లాసెస్ అని ఆన్‌లైన్‌లో ఎక్కువ రేట్‌కి సెల్ చేస్తారంట ఇలాంటోళ్ళు. రేపు ఎవరన్నా క్వశ్చన్ చేస్తే మన చర్చ్ పేరు కూడా పోద్ది."

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఆ రాత్రి పర్సిస్‌కి కునుకు పట్టలేదు.

అందుకే ఇవాళ మిషను మళ్ళీ ఆన్ చేయలేదు.

"ఇక మీకు అమ్మను."

"ఎందుకమ్మా?"

"పోయినవాళ్ళ పేర్లతో మీరు వ్యాపారం చేస్తున్నారు."

ఆయన గోడ మీది బోర్డు వైపు చూశాడు. 'ఒక గ్లాసు కొనండి, ఒక సైనికుణ్ణి తలచుకోండి.' దాన్ని రాయించింది పర్సిసే. ఎదురు మాట అనడానికి అంతకంటే ఏం కావాలి? ఆయన అనలేదు.

"ఈ ఒక్కటీ వేసివ్వమ్మా. రేపు పొద్దున్నే కావాలి."

"వేయను."

ఆయన టోపీ పెట్టుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, బల్ల మీది గ్లాసు వైపు చూశాడు.

"వస్తాను జోసఫ్" అని వెళ్ళిపోయాడు.

మరి రాలేదు.

మెమోరియల్ డే వెళ్ళిపోయింది. పార్కులో స్తంభం లేచింది. అందరూ పర్సిస్‌ని మెచ్చుకున్నారు. ఇంటికి వెళ్ళి ఒంటరిగా అన్నం తింటుంటే, ఆ మెప్పు ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. తలుపు గంట మోగినప్పుడల్లా టోపీ కోసం చూడ్డం అలవాటైపోయింది.

ఒక రోజు ఎవరో ఆవిడ అట్టపెట్టె మోసుకుంటూ వచ్చింది.

"పర్సిస్ మీరేనా? వాల్టర్ ఉండే అపార్ట్‌మెంట్స్‌కి మేనేజర్ని."

"వాల్టర్ ఎవరు?"

ఆవిడ వింతగా చూసి పెట్టె తెరిచింది. నిండా గ్లాసులు. అన్నీ పర్సిస్ చేత్తో పేర్లు వేసినవే. ఒక్కటీ అమ్మలేదు. ప్రతి గ్లాసు అడుగునా కాఫీ మరక.

అన్ని పేర్లు వేసింది గానీ, ఆయన పేరేమిటని పర్సిస్ ఏనాడూ అడగలేదు.

"పోయిన వారం నిద్రలోనే పోయాడు. పేర్లు వేసే అమ్మాయి తన ఫ్రెండ్ అని చెబుతుండేవాడు. అందుకే మీకు తెచ్చాను" అంది మేనేజరు. "అంత్యక్రియలు నిన్న జరిగాయి. ఫ్రెండ్ కదా, మీరు వెళ్తారని నేను వెళ్ళలేదు. ఎవరూ రాలేదట."

పర్సిస్ గ్లాసులన్నీ ఒక్కొక్కటే బయటికి తీసింది. అట్టడుగున ఒక కాగితం కప్పు ఉంది. దాని మీద పెన్నుతో, వణికిన అక్షరాలతో, రే డాసన్ అని రాసి ఉంది.

"వీళ్ళంతా ఎవరు?" ఆ కప్పు పట్టుకునే అడిగింది పర్సిస్.

"మీకు చెప్పలేదా? నా అన్నవాళ్ళు లేని సైనికులు. సైనికుల శ్మశానంలో వాళ్ళని పూడ్చేటప్పుడు పక్కన ఒక్క మనిషైనా నిలబడాలని, ప్రతిసారీ వాళ్ళ పేరున్న గ్లాసులో కాఫీ పట్టుకెళ్ళి నిలబడ్డ ఆ ఒక్క మనిషీ వాల్టరే."