పాటలో పేరు

"పాటలోంచి గోరి పేరు తీసెయ్యాలి," అన్నాడు అనిల్‌కుమార్.

ఖమ్మంలో అతను కేసెట్లు చేసే గది అది. మైకు ముందు హాతీరాం కూర్చున్నాడు. వంత పాడటానికి వచ్చిన అతని భార్య గోరి ఆ మాటకు తలెత్తింది.

"ఎందుకు సార్?" అన్నాడు హాతీరాం. "గిన్నేండ్లయినా ఏ తండాల పెండ్లయినా గీ పాటే అడుగుతరు. 'గుట్ట దాటి పోతివి గోరీ, గాజుల సప్పుడు ఇడిసి పోతివి' అంటే ముసలోళ్లు గూడ కండ్లు తుడుసుకుంటరు."

"పాటకేం వంక లేదయ్యా. బజార్లో గోరీ అంటే సమాధి అనుకుంటారు. ప్రేమ పాటలో సమాధి ఏంటి? రాధ అని పాడు."

గోరి నవ్వబోయి ఆగింది. ఇంట్లో హాతీరాం ఆమెను పేరు పెట్టి పిలవడు. కొడుకు పుట్టకముందు "ఓయ్" అనేవాడు, పుట్టాక "సంతోష్ అమ్మా" అంటున్నాడు. అతని నోట ఆమె పేరు వినిపించేది ఆ పాటలోనే. అందుకే వంతకు ఎవరు పిలిచినా పని వదిలేసి వెళ్లేది.

"ఇంతకీ ఆ గోరి ఈమే కదా? గుట్ట దాటి పోయిందంటావు, పక్కనే కూర్చునుందిగా!" అన్నాడు అనిల్‌కుమార్.

"ఓపాలి అలిగి మా అమ్మగారింటికి పోయిన సార్. గప్పుడు కట్టిండు," అంది గోరి.

హాతీరాం మైకు తీగ సరిచేశాడు.

"రాధ అని పెట్టు. అశ్వారావుపేట నుంచి మణుగూరు దాకా ప్రతి టీకొట్లో ఇదే మోగుతుంది."

"మణుగూరుల గూడానా సార్?"

"కాలనీ కాలనీలో."

హాతీరాం తల దించుకుని ఆలోచించాడు.

"గోరి అనే ఉండాలె సార్," అన్నాడు చివరికి.

"అయితే కేసెట్టు లేదు."

"లేకుంటే లేకపాయె."

అతను లేచి బయటికి నడిచాడు. గోరి వెనకాలే పరుగెత్తింది. బస్టాండులో అతన్ని అందుకుని, అంతమందిలో చెయ్యి పట్టుకుంది.

"ఏమయ్యా, కేసెట్టు కేసెట్టని పానం తీస్తివి. నా పేరు కోసం ఇడిసిపెడ్తివా?"

హాతీరాం మణుగూరు బోర్డున్న బస్సు వైపు చూస్తున్నాడు. అది కదిలి గేటు దాటాక ఆమె వైపు తిరిగాడు.

"రాధ అని పాడితే, మణుగూరుల ఉన్న గోరికి గిది తన పాటేనని ఎట్ల ఎరుకైతది, సంతోష్ అమ్మా?"