రెండు వేళ్ళ పట్టు

కంపాలా ఆసుపత్రిలో కీళ్ళవాతానికి కొత్త మందు పరీక్షిస్తున్నారు. రోజూ రాత్రి నర్సు నముక్వాయ తన రెండు వేళ్ళు చాపుతుంది. రోగి వాటిని పట్టుకుని నొక్కాలి. తెజీరా అవ్వ నొక్కితే ఇన్నాళ్ళూ దూది తగిలినట్టే ఉండేది.

ఆ రాత్రి కరెంటు పోయింది. నముక్వాయ అవ్వ గదిలోకొచ్చి, దోమలొస్తాయని తలుపు మూసి, చీకట్లోనే మంచం మీదికి వంగింది.

"నొక్కు అవ్వా!"

పిడికిలి గట్టిగా బిగిసింది.

"అమ్మో, మందు పనిచేసిందే! రేపు మా అందరికీ మటోకె అరటికాయలు నువ్వే చెక్కాలి."

తలుపవతల చేతికర్ర చప్పుడైంది.

"బాత్రూమ్‌కెళ్ళొచ్చేలోగా తలుపెవరు మూశారే?" తెజీరా అవ్వ గొంతు. "ఈ పిడి నా చేతులతో తిరగదు. కాస్త తియ్యవే తల్లీ!"

నముక్వాయ వేళ్ళు లాక్కోబోయింది. రాలేదు.

బయట అవ్వ చేతులు పిడి మీద జారుతూనే ఉన్నాయి. లోపల పట్టు మరికాస్త బిగిసింది.