ఎలుగమ్మ సినిమా

“లే బిడ్డా, బాత్రూంకు పోయొద్దాం.”

“నాకు వస్తలేదు నాన్నా!”

“వస్తది లే.”

వెంకటకృష్ణ కూతురు లిఖిత రెక్క పట్టుకుని లేపాడు. వెనక సీట్లోంచి ఎవరో “కూసోవయ్యా, తెర కనబడ్తలేదు” అని కసిరారు. పక్కనే ఉన్న చెల్లెలు రాజ్యశ్రీ తల పట్టుకుంది.

“ఏందన్నా నీ లొల్లి? ఇందాకనే గద పోయొచ్చిండ్రు. పిల్లను సినిమా చూడనియ్యవా?”

అసలు ఈ తలనొప్పి తెచ్చిపెట్టింది ఆ మహాతల్లే. చిన్నప్పుడు అన్నాచెల్లెళ్ళిద్దరూ చదువుకున్న ‘ఎలుగమ్మ వీపు’ బొమ్మల పుస్తకాన్ని యానిమేషన్ సినిమాగా తీశారని తెలియగానే, ఒక్క మాటైనా అడగకుండా టికెట్లు కొనేసింది. పైగా ఆ సంగతి లిఖిత ఎదుటే చెప్పేసింది. ఇక పిల్ల ఊరుకుంటుందా? సారపాక నుంచి భద్రాచలం ఎంత దూరం గనక, వంతెన దాటితే థియేటరేనాయె.

ఆ పుస్తకం చివర్లో ఏముందో రాజ్యశ్రీకి గుర్తు లేదు. వెంకటకృష్ణకు ఉంది. ఇప్పపూలు ఏరుకునేందుకు చెట్టు కింద ఎండుటాకులకు ఎవరో పెట్టిన మంట అడవికి అంటుకుంటుంది. తల్లి ఎలుగుబంటి ఎలుగమ్మ తన కూనను వీపు మీద ఎక్కించుకుని వాగు దాటించి, ఒడ్డు మీదే కన్ను మూస్తుంది.

అది లిఖిత కంట పడకూడదు. వాళ్ళమ్మ పోయి ఇంకా ఏడాది కూడా నిండలేదు. అందుకే ఇంట్లో ఉన్న పుస్తకంలో ఆఖరి రెండు పేజీలనూ ఒకదానికొకటి అతికించేశాడు. పేపర్ మిల్లులో పనిచేసేవాడికి కాగితాలు అతికించడం ఒక లెక్కా? పిల్లకు చదివి వినిపించినప్పుడల్లా “వాగు దాటిండ్రు, సల్లగ బతికిండ్రు” అని అక్కడితో పుస్తకం మూసేస్తాడు. ఇంత కష్టపడి దాచిన దాన్ని ఇప్పుడు అంత పెద్ద తెర మీద చూపిస్తారట!

లిఖితను బయటికి లాక్కెళ్ళాడు. రాని బాత్రూంకు పంపాడు. వద్దన్నా పాప్‌కార్న్ కొనిచ్చాడు. ఈపాటికి ఆ సీను అయిపోయి ఉంటుందని నెమ్మదిగా నడిపించుకుంటూ లోపలికి వస్తే, తెర మీద చిరుతపులి డాన్సు చేస్తోంది.

వెంకటకృష్ణకు ఒళ్ళు మండిపోయింది. పుస్తకంలో చిరుతపులే లేదు. పట్టుమని పదిహేను పేజీలు లేని కథను రెండు గంటలు సాగదీశారు. పాటలు పెట్టారు, అరిచే కోతిని పెట్టారు. ఇన్ని మార్చినవాళ్ళు ఆ చివరిది కూడా మార్చి పుణ్యం కట్టుకుని ఉంటే బాగుండు.

మార్చలేదు. పాట అయిపోగానే తెరంతా పొగ కమ్ముకుంది.

“లిఖితా, ఇంటికి పోదాం పా.”

“నేను రాను.”

“ఐస్‌క్రీం కొనిస్త.”

“పాప్‌కార్నే తింటలేను గద!”

“నాకు కడుపు నొస్తుంది బిడ్డా.”

“నొస్తే నువ్వు పో. నేను అత్తతోని వస్త.”

“అబ్బబ్బా! పిల్ల చెప్పింది నిజమే, నువ్వు పో అన్నా,” అంటూ రాజ్యశ్రీ విసుగ్గా తెరవైపు తిరిగింది. ఎలుగమ్మ మంటల్లోంచి వాగు వైపు పరుగెడుతోంది. రాజ్యశ్రీకి అప్పుడు గుర్తొచ్చింది. ముఖం పాలిపోయింది.

“అయ్యో అన్నా... నేను మర్చేపోయిన...”

ఇప్పుడు గుర్తొచ్చి ఏం లాభం? హాల్లో పిల్లల గోల ఆగిపోయింది. ఎలుగమ్మ ఒగరుస్తూ ఒడ్డెక్కింది. కూన వీపు మీది నుంచి కిందికి జారింది. వెంకటకృష్ణ ఇక లాభం లేదని, కూతురి కళ్ళు మూయడానికి చెయ్యి చాపాడు.

అంతలోనే పాప్‌కార్న్ జిడ్డంటిన రెండు చిన్న చేతులు వచ్చి అతని కళ్ళనే గట్టిగా మూశాయి.

“చూడకు నాన్నా,” అంది లిఖిత, అతని చెవి దగ్గరికి వచ్చి. “ఎలుగమ్మ సచ్చిపోతదని మా బడిల టీచర్ ఎప్పుడో చదివి చెప్పింది. నువ్వు ఏడుస్తవనే నీకు చెప్పలే.”