కొమురయ్య పెళ్లిబస్సు

“గులాబీ వద్దు బాపు. గులాబీ కనవడ్తే చాలు, పోలీసోళ్లు బస్సును ఎనకకు మలుపుతరు,” అంది సౌమ్య.

కొమురయ్యకు ఒళ్లు మండింది. ఉద్యమం బస్సుకు గులాబీ కాకపోతే మరే రంగు వేస్తారట! కోరుట్ల హమాలీ సంఘానికి ఆయనే పెద్ద. తెలంగాణ వచ్చేదాకా గడ్డం తీయనని, మాంసం ముట్టనని, ఇంట్లో పెళ్లీ గిళ్లీ ఏదీ పెట్టుకోనని వేములవాడ రాజన్న మీద ఒట్టేసి కూర్చున్న మనిషి. గడ్డం రొమ్ము దాకా దిగింది. బిడ్డకు సంబంధం తెచ్చినవాళ్లను చాయ తాగించి మరీ వెనక్కి పంపుతున్నాడు.

ఇప్పుడాయన బెంగ ఒక్కటే. హైదరాబాద్‌లో పెద్ద సభ ఉంది. సంఘాన్నంతా తీసుకొస్తానని మైకు పట్టుకుని మాటిచ్చాడు. పోలీసులేమో దారిపొడవునా బండ్లు ఆపి, ఉద్యమానికి పోతున్నారని అనుమానం వస్తే చాలు, తిప్పి పంపేస్తున్నారు. పోయినసారి జగిత్యాల దగ్గరే దొరికిపోయాడు. ఈసారి కూడా సభకు చేరకపోతే జగిత్యాల సంఘంవాళ్లు ముఖం మీదే నవ్వుతారు. ఆ నవ్వు తలుచుకుంటేనే ఆయనకు ముద్ద దిగడం లేదు.

అందుకే పెళ్లిబస్సు వేషం. ఆ ఉపాయం సౌమ్యదే. ఆమె షౌకత్ లైటింగ్ షాపులో పనిచేస్తుంది. కోరుట్లలో ఎవరింట పెళ్లయినా పందిట్లో ఏ రంగు గుడ్డ కట్టాలి, ఏ లైటు ఎక్కడ పెట్టాలి అన్నీ ఆమే చూస్తుంది.

కిరాయికి దొరికిన బస్సు మహా దిక్కుమాలినది. లోపలంతా పొగచూరిన గోధుమరంగు, నెత్తిమీద టపటపా కొట్టుకునే ట్యూబులైటు. ఇందులో కూర్చుంటే నిజంగా పెళ్లికి పోయేవాళ్లు కూడా దొంగల్లాగే కనిపిస్తారని సౌమ్య తేల్చేసింది. పైకప్పుకు మీగడ రంగు వేయించింది. సీట్లకు పసుపు గుడ్డ తొడిగించింది. ఆ గుడ్డ తానులను సిరిసిల్ల నుంచి నవీన్ అనే మరమగ్గాల అబ్బాయి మోసుకొచ్చాడు. షౌకత్‌ను పక్కన పెట్టుకుని, బల్బులు కంట్లో కొట్టకుండా సామాన్ల అరల కింద దాచి, వెలుగు మాత్రం మెత్తగా బయటికి పారేట్టు కట్టించింది. ముసలివాళ్లు తడబడకుండా మెట్ల దగ్గర ఇంకొకటి పెట్టించింది.

ఇదంతా కొమురయ్య ఓర్చుకున్నాడు. ఊరూరా బండ్ల మీద ఏపీ చెరిపేసి టీజీ రాసుకుంటున్న రోజులవి. బస్సు నంబరు ప్లేటు మీద తాను స్వయంగా రాసిన టీజీని కూడా బిడ్డ తుడిపించేసరికి మాత్రం అలిగి అరుగు మీద పడుకున్నాడు. ఒక్కరోజుకే కదా అని బతిమాలి లేపింది.

సాయంత్రం బస్సు కదిలింది. కొమురయ్య భార్య బాలమణికి బస్సు పడదు. ఎక్కితే చాలు, ఒక చేతిలో నిమ్మకాయ, ఒక చేతిలో కవరు. అలాంటిది హాయిగా కిటికీ పక్కన కూర్చుని పెళ్లిపాట ఎత్తుకుంది. బస్తాలు మోసి మోసి మొరటుదేలిన ముఖాలు ఆ వెలుతురులో నిగనిగలాడాయి. “లైటు మంచిగుంటే మొఖాలు మంచిగయితయి బాపు,” అంది సౌమ్య. కొమురయ్య అవునని ఒప్పుకోలేదు గానీ, సీట్లో కాళ్లు చాపుకుని వాలాడు.

పెళ్లికూతురి వేషం సౌమ్యదే. పెళ్లికొడుకు ఎవరని వెతుకుతుంటే గుడ్డలు తెచ్చిన నవీన్ కనబడ్డాడు. ఎవడైతే ఏమిటని కొమురయ్యే వాడి నుదుట బాసింగం కట్టాడు. చూసేవాళ్లకు నమ్మకం కుదరాలని వేములవాడలో ఒక పంతులును కూడా ఎక్కించుకున్నారు.

సిరిసిల్ల దాటాక రోడ్డుకు అడ్డంగా డ్రమ్ములు. ఎస్సై బస్సెక్కి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

“పుస్తెలు కట్టకముందే పిల్ల, పిలగాడు ఒక్క బస్సులనా? ఇదెక్కడి పెండ్లి?”

ఈ సంగతి కొమురయ్యకు తట్టనే లేదు. సభ పోయింది, పరువు పోయిందనుకున్నాడు. పంతులే ఆదుకున్నాడు. బందులతో దారి ఆలస్యమైందని, ముహూర్తం దాటిపోతోందని, ఇక బస్సులోనే కానిచ్చేద్దామని అనుకుంటున్నామని చేతులు జోడించాడు.

“అయితే కానియ్యుండ్రి. నేను చూసినంకనే బస్సు పోతది,” అంటూ ఎస్సై ముందు సీట్లో కూర్చున్నాడు.

దిగిన తర్వాత లోతెంతని చూస్తే ఏం లాభం? కొమురయ్య నీళ్ల సీసా అందుకుని నవీన్ కాళ్లు కడిగాడు. బిడ్డ చేతిని వాడి చేతిలో పెట్టాడు. పంతులు తన సంచిలోంచి పుస్తెలు తీశాడు. ఒక్క మంత్రమూ మింగలేదు. ఆ పసుపు వెలుతురులో నవీన్ మూడు ముళ్లు వేస్తుంటే హమాలీలంతా అక్షింతలు చల్లారు. ఎస్సై కూడా లేచి నిలబడి చల్లాడు. బాలమణి వెక్కివెక్కి ఏడ్చింది. మరీ అంత వద్దు, కొంచెం తగ్గించమని కొమురయ్య మోచేత్తో పొడిచాడు.

ఎస్సై దిగి డ్రమ్ములు తీయించాడు. బస్సు సిద్దిపేట వైపు పరుగు తీసింది.

కొమురయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. పోలీసును ఇంత సులువుగా బుట్టలో వేసిన మొనగాడు జిల్లాలో ఇంకెవడున్నాడో చూపించమన్నాడు. వెనక సీట్లో ఉన్న షౌకత్ వీపు చరిచాడు. జగిత్యాలవాళ్ల ముఖాలు ఎట్లా మాడిపోతాయో చేసి చూపించాడు. బిడ్డ తెలివికి మురిసిపోయి కళ్లు తుడుచుకున్నాడు.

“ఇగ నాటకం అయిపాయె బిడ్డ. ఆ పుస్తెలు తీసి పంతులుకియ్యి,” అన్నాడు.

సౌమ్య తల వంచుకుంది. బాలమణి కిటికీ బయటికి చూస్తోంది.

అంతలో నవీన్ ఫోను మోగింది, కంగారులో వాడు ఏ బటన్ నొక్కాడో ఏమో, ఎస్సై గొంతు బస్సంతా వినబడింది: “అరేయ్ అల్లుడా, మా అక్క ఇంటికాడ హారతి పళ్లెం పట్టుకొని కూసున్నది, గిది అసలు పెండ్లేనని మీ మామకు చెప్పినవా లేదా?”