గట్టెక్కి వచ్చిన చేప

ఒక కొండ ఏటి మడుగులో చుక్కమ్మ అనే ట్రౌట్ చేప ఉండేది. ఒక సాయంత్రం నీటి మీద ఈగ వాలగానే ఆశపడి ఎగిరి అందుకుంది. తీరా చూస్తే అది ఈకలతో చేసిన ఈగ, లోపల కొక్కెం! పట్టిన మనిషి ఏమనుకున్నాడో, కొక్కెం తీసి దాన్ని మళ్ళీ ఏట్లో వదిలేశాడు.

చిరిగిన పెదవితో చుక్కమ్మ మడుగుకు చేరి, "ఆ ఈగ జోలికి పోకండర్రా!" అంది.

"గట్టెక్కిన చేప తిరిగి రావడం ఎక్కడైనా ఉందా? నీ ఒళ్ళంతా మనిషి వాసనే. వాడే నిన్ను పంపి ఉంటాడు," అంది మడుగుకు పెద్దదైన ముసలి చేప. తక్కినవన్నీ మొహాలు తిప్పుకున్నాయి.

చుక్కమ్మ దిగువన రాళ్ళ సందులో ఒంటరిగా బతికింది. పొద్దు వాలి ఈగ నీటిని తాకినప్పుడల్లా "వద్దు, వద్దు" అని అరిచేది. ఎవరూ పలికేవారు కాదు.

ఒకనాడు మునిమాపువేళ రాళ్ళ దగ్గర అలికిడైంది. వచ్చింది ముసలి చేప. దాని నోటి నుంచి నెత్తురు కారుతోంది.

"వాళ్ళు నన్నూ రానివ్వలేదమ్మా," అంది.

చుక్కమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది.