ఫ్యాను ఆగినప్పుడు

"ఒరే, ఆ డబడబ ఆపుతావా, నన్నే ఇల్లు ఖాళీ చేసి పొమ్మంటావా?" కింది గదిలోంచి మేనత్త కేకేసింది.

మేడ మీద మేనల్లుడు స్పీకర్లు ఆపి మెట్ల మీంచి తొంగి చూశాడు. "తగ్గించే పెట్టానత్తా. నీకు వినపడదనుకున్నా."

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిందట. దిగు, అన్నం చల్లారిపోతోంది."

అతను చేసేది ఎలక్ట్రానిక్ సంగీతం. గది మొత్తానికి ఒక కంప్యూటరు, చిన్న కీబోర్డు, రెండు స్పీకర్లు. పాడేవాళ్ళు లేరు, వాయించేవాళ్ళు లేరు. బాణీ కట్టడం దగ్గర్నుంచి ఆల్బం అట్ట మీద బొమ్మ దాకా అన్నీ తనే.

"అన్నీ నువ్వే చేసుకుంటే ఇక వినేదెవర్రా, అదీ నువ్వేనా?" అంది అత్త కూర వడ్డిస్తూ.

"వింటున్నారత్తా. ఒక కంపెనీవాళ్ళు ఆల్బం వేస్తామన్నారు. ఇంకొక్క పాట ఇవ్వాలి."

"ఇవ్వకపోతే?"

"నాన్న రంగుల కొట్లో కూర్చోవాలి."

అత్తకు తెలియని సంగతేం కాదు. తమ్ముణ్ణి ఒప్పించి, ఈ ఒక్క ఆల్బం దాకా గడువిప్పించి, మేడ మీద గది ఇచ్చింది ఆవిడే. అయినా ప్రతి భోజనానికీ ఒకసారి అడుగుతుంది.

"ఇంతకీ ఆ పాట నిదానమా, హుషారా?"

"నిదానం. మధ్యలో కొంచెం ఊపందుకుంటుంది."

"ఏమోలే. కరెంటు పోతే ఏదైనా ఒకటే. నా మిషనే నయం, కరెంటు లేకపోయినా పాడుతుంది."

అతనికి పొలమారింది. నీళ్ళు తాగి తల వంచుకున్నాడు.

కంపెనీవాళ్ళకి నచ్చింది అతని బాణీలు కావు. వాటి అడుగున నడిచే టకటక. "ఆ చప్పుడు ఏ పరికరంలోంచి తెస్తున్నారు? ఈ పాటలోనూ అది తప్పకుండా ఉండాలి" అని రాశారు. రహస్యమని బదులిచ్చాడు. ఆ పరికరం అత్త కాళ్ళతో తొక్కే కుట్టుమిషను.

మొదట్లో అడిగే రికార్డు చేశాడు. ఆ రోజు అత్త తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుని కుట్టింది. మిషను బళ్ళో పిల్లలు డ్రిల్లు చేసినట్టు నడిచింది. "బాగా వచ్చిందా?" అంటే, అద్భుతమని చెప్పి పైకెళ్ళి చెరిపేశాడు. ఆవిడకి తెలిస్తే సహజత్వం పోతుందని ఆ రోజే అర్థమైంది. అప్పట్నుంచీ నీళ్ళ గొట్టం దిగే కంతలోంచి చిన్న మైకు కిందికి జారవిడిచి, పరదా వెనక వేలాడదీస్తున్నాడు. అతని గదిలో ఫ్యాను కింది దాకా వినపడేట్టు కిర్రుకిర్రుమంటుంది గనక దాన్ని ఆపి, చెమటలు కక్కుతూ కూర్చుంటాడు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెడుతున్నానని మనసు పీకుతూనే ఉండేది.

కొన్నాళ్ళు నానా తంటాలూ పడ్డాడు. మంచి లయ దొరికేసరికి కుట్టించుకునే ఒకావిడ వచ్చి "జాకెట్టు చేతులు బిగుతయ్యాయండీ" అనేది. ఇంకొకావిడ "రేపిస్తానని ఎన్ని రేపులు చెప్తారు?" అని పాట మధ్యలో దెబ్బలాడేది. ఈమధ్య ఆ బెడద తప్పింది. ఎన్నిసార్లు రికార్డు చేసినా మిషను చప్పుడు తప్ప ఒక్క మాట పడదు. ఫ్యాను ఆపగానే కింద టకటక మొదలవుతుంది. అదృష్టం కలిసొస్తే అన్నీ కలిసొస్తాయనుకున్నాడు.

"అత్తా, దారం ఎక్కించమని ఈమధ్య పిలవడం లేదేం?" చెయ్యి కడుక్కుంటూ అడిగాడు. ఇదివరకు పూటకోసారి పిలిచి ప్రాణం తీసేది.

"పిలిస్తే గొణుగుతావు, పిలవకపోతే అడుగుతావు. పో, పోయి పని చూసుకో."

అత్తకి కొత్త కళ్ళజోడు బాగా కుదిరినట్టుందనుకుని మేడెక్కాడు. మైకు దించి ఫ్యాను ఆపాడు. కింద మిషను కదిలింది. ఆ రోజు అది చాలా నిదానంగా నడిచింది. ఏ మందపాటి గుడ్డో కుడుతోందనుకున్నాడు. కాసేపటికి ఊపందుకుంది. మళ్ళీ నెమ్మదించి, తేలిగ్గా ఆగింది. అతను రికార్డు ఆపి మళ్ళీ మొదట్నుంచీ విన్నాడు. కత్తిరించాల్సిన చోటు ఒక్కటీ కనిపించలేదు. ఆ చప్పుడు మీదే బాణీ కట్టి పంపించాడు.

వారం తిరక్కుండానే జవాబొచ్చింది. ఆల్బం ఖాయం. తండ్రికి ఫోను చేస్తే, "సరేలే, కొట్టెక్కడికీ పోదు" అన్నాడు. ఆయన నోట అంతకు మించిన మెచ్చుకోలు ఎవరూ విని ఉండరు.

ఇక దాచడం అతనివల్ల కాలేదు. అత్తకి పాట వినిపించి, చేసిన దొంగతనం చెప్పేసి, తిట్టినన్ని తిట్లు తినాలని హెడ్‌ఫోన్సు పట్టుకుని కిందికి దిగాడు.

"అత్తా, నీకొకటి చెప్పాలి."

"బట్టలారేస్తున్నా, కూర్చో. చెయ్యి ఖాళీ అవగానే వస్తా," పెరట్లోంచి పలికింది అత్త. "అవునూ, పాట వాళ్ళకి నచ్చిందా?"

"నచ్చింది."

"హమ్మయ్య. ఇంకా పాటలేమైనా ఇవ్వాలా?"

"లేదు. అయిపోయింది."

"అయితే సరే. ఇక నా కాళ్ళకి కాస్త విశ్రాంతి."

అతనికి ఆ మాట సరిగ్గా తలకెక్కలేదు. చెప్పబోయేది లోలోపల వల్లించుకుంటూ మిషను ముందున్న స్టూలు మీద కూర్చున్నాడు. సూది కింద ఆకుపచ్చ గుడ్డ ఉంది. చాలా రోజులుగా అదే గుడ్డ. ఇన్నాళ్ళూ ఆవిడ అంతగా ఏం కుడుతోందో చూద్దామని అంచు పట్టుకుని కిటికీ వెలుగుకి ఎత్తాడు. గుడ్డ నిండా వరసలు వరసలుగా సన్నని చిల్లులు, వాటిలోంచి వెలుతురు. ఒంగి మిషను వంక చూశాడు.

సూదిలో దారం లేదు.